స్వయంగా చూశాను

“ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నేనెక్కడున్నానో చెప్పడానికి పంతొమ్మిది మంది సాక్షులున్నారు. చాలకపోతే ఆ రోజు టీ పోసిన మనిషిని కూడా పిలిపిస్తాను,” అన్నాడు జోస్యుడు.

అతని అసలు పని పాత కార్లకు ధర కట్టడం. ఏ మోడల్ ధర పెరుగుతుంది, ఏది పడిపోతుంది అని మూడు నెలలకోసారి నివేదిక రాస్తాడు. అందులో రాసింది రాసినట్టు జరుగుతుందని బజారులో అందరూ అతన్ని ‘జోస్యుడు’ అని పిలుస్తారు. ఆ పేరు విని అతను మురిసిపోతాడే తప్ప కోప్పడడు.

డిటెక్టివ్ చేతి గడియారం చూసుకున్నాడు. మంగళవారం, పదకొండూ పది. తన చిన్న పుస్తకంలో ‘5 నుంచి 8. పంతొమ్మిది’ అని రాసుకున్నాడు.

“మీరు వాటాలు వేసి కొనిపించిన ఆ కారుకు ఇరవై మంది వాటాదారులు కదా. ఇరవయ్యో మనిషి?”

“ఒకావిడ మీటింగుకి రాలేదు. ఒంట్లో బాలేదని ఫోను చేశారు.”

“ఆవిడ పేరు?”

“పేర్లు బయట పెట్టకూడదని ఒప్పందం. పోలీసులు అడిగితే తప్పదనుకోండి. మీరు పోలీసు కాదుగా.”

నిజమే, కాదు. అతన్ని పనిలో పెట్టుకున్నది చనిపోయిన పెద్దమేస్త్రి కూతురు. ఆమె స్కూలు బస్సు డ్రైవరు. ఆ ఉదయం పిల్లల్ని దింపేసి, బస్సు సందు మొదట్లో ఆపి, తిన్నగా అతని ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. డెబ్భై ఒక్కేళ్ళ తన తండ్రి సోమవారం పొద్దున వర్క్‌షాపులో ఒక పాత స్పోర్ట్స్ కారు కింద నలిగి శవమై కనిపించాడని చెప్పింది. జాకీ జారిందంటున్నారని, తాను నమ్మనని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఏడవలేదు. అతనే ఆమె మొహంలోకి సరిగ్గా చూడలేకపోయాడు. ఎందుకు చూడలేకపోతున్నాడో అతనికి తెలుసు. ఆమెకు తెలియదు.

“ఆ కారు ధరెంత?” అన్నాడిప్పుడు.

జోస్యుడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఇష్టమైన సంగతి వచ్చిందంటే అతని గొంతులో నూనె పోసినట్టు ఉంటుంది.

“యాభై ఎనిమిదేళ్ళ కారు. కంపెనీ చేసినవే అరవై ఒకటి. ఇప్పుడు తిరుగుతున్నవి పద్నాలుగు. పసుపు రంగువి మూడే. చాసిస్ మీద, అంటే కింది ఇనుప చట్రం మీద పొడిచిన నంబరూ, ఇంజను నంబరూ, కంపెనీ పాత రిజిస్టర్లో ఉన్నదీ మూడూ సరిపోతే మూడున్నర కోట్లు. ఇంజను మార్చారనుకోండి, కోటిన్నర.”

“చాసిస్సే వేరే దాన్నుంచి తెచ్చిందైతే?”

“తూకానికి అమ్ముకోవడమే.” నవ్వాడు. “అది ఈ కారు విషయంలో జరగదు లెండి.”

“ఇప్పుడే ఎందుకు అమ్ముతున్నారు? ఏటా పెరుగుతోందని మీరే రాశారుగా.”

“పెరిగింది. ఎవరు పెంచారు? చిన్నప్పుడు ఈ కారు బొమ్మ గోడకి అతికించుకుని పడుకున్నవాళ్ళు. వాళ్ళకి యాభై వచ్చి చేతిలో డబ్బాడినప్పుడు ఎగబడి కొన్నారు. ఇప్పుడు వాళ్ళకి డెబ్భై దగ్గర పడుతోంది. ఆ సీటు నేలకి జానెడెత్తున ఉంటుంది. మోకాళ్ళు వంగనివాడు అందులో ఎక్కేదెలా, దిగేదెలా? ఇంకో రెండు మూడేళ్ళలో వాళ్ళంతా ఒకేసారి అమ్మకానికి పెడతారు. వాళ్ళ పిల్లలకి ఈ కారంటే మోజు లేదు, వాళ్ళ గోడల మీద వేరే బొమ్మలున్నాయి. ఇవాళ మూడున్నర కోట్లున్నది అప్పటికి రెండుకి దిగుతుంది. అందుకే ఈ నెలలో వదిలించుకోమని నేనే మావాళ్ళకి చెప్పాను. కొనే పార్టీ తరఫు మనిషి రేపు మధ్యాహ్నం మూడింటికి వచ్చి నంబర్లు చూసుకుంటాడు.”

“నంబర్లు సరిగ్గా ఉన్నాయని మీకంత ధీమా ఏమిటి? మీరు కిందికి దూరి చూశారా?”

“నాకెందుకండీ? చూసినవాళ్ళు చూశారు.” జోస్యుడు బల్ల సొరుగులోంచి నీలం ఫైలు తీసి, మొదటి పేజీ తెరిచి అతని వైపు తిప్పాడు.

అది ఆరేళ్ళ కిందటి ఇన్సూరెన్సు సర్వే రిపోర్టు. లారీ గుద్దడంతో కుడి పక్క దెబ్బతిన్న కారును చూసి రాసిన రిపోర్టు. ఐదో పేరాలో ఒక వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ‘చాసిస్ నంబరును స్వయంగా చూశాను. కంపెనీ రికార్డుతో సరిపోయింది.’ దాని కింద సంతకం డిటెక్టివ్‌దే. అప్పట్లో అతను ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయరు.

“ఈ ఒక్క ముక్క చూసే మా వాటాదారులు ముందుకొచ్చారు,” అన్నాడు జోస్యుడు. “పెద్దవాళ్ళెవరూ లేరండీ. టీచర్లు, నర్సులు, పోస్టాఫీసులో పని చేసి రిటైరయినవాళ్ళు. ఇంతటి మనిషి కింద పడుకుని కళ్ళారా చూసి రాశాక ఇంకేం కావాలి అన్నారు.”

డిటెక్టివ్‌కు తల కొట్టేసినట్టయింది. ఫైలు మూసి బల్ల మీద పెట్టాడు. పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టాడు.

ఆ సర్వే రోజున మూడింటికి హెడ్డాఫీసులో అతనికి ప్రమోషన్ ఇంటర్వ్యూ. కొత్తగా కుట్టించుకున్న లేత గోధుమరంగు ప్యాంటు వేసుకుని వెళ్ళాడు. వర్క్‌షాపు నేలంతా నల్లటి ఆయిలు. పెద్దమేస్త్రి గోనెసంచి పరిచి, “సార్, ఒక్కసారి కిందికి దూరి చూడండి,” అన్నాడు. రెండోసారి కూడా అన్నాడు. ఆ రెండోసారి అనడంలో ఏదో ఉందని అప్పుడే అనిపించింది. కానీ కిందికి దూరింది అతను కాదు, అతని దగ్గర పని నేర్చుకుంటున్న జూనియరు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, “నంబరు బాగానే ఉందన్నా,” అన్నాడు. ఆ మాట మీదే డిటెక్టివ్ ‘స్వయంగా చూశాను’ అని రాసేశాడు. ప్రమోషన్ వచ్చింది. ముసలాయన మాత్రం గోనెసంచి మడిచి మూలన పెడుతూ అదోలా చూశాడు. ఆ చూపు ఇన్నేళ్ళయినా అతన్ని వదల్లేదు.

“ఏమిటీ, ఒంట్లో బాలేదా?” అన్నాడు జోస్యుడు.

“బాగానే ఉంది.” లేచాడు. “పెద్దమేస్త్రితో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?”

“శుక్రవారం. కారు తుడిచి సిద్ధంగా ఉంచమన్నాను. ‘అమ్మకండి బాబూ’ అన్నాడు. ముసలాడికి కారు మీద మమకారం అనుకున్నాను.”

*

వర్క్‌షాపు ఇనుప షట్టరు తెరిచే ఉంది. పెద్దమేస్త్రి కూతురు డ్రైవరు యూనిఫాంలోనే స్టూలు మీద కూర్చుని ఉంది. పన్నెండూ నలభై అయింది. పోలీసులు కారును పైకెత్తి నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయారు. పొడుగాటి ముక్కుతో పసుపుపచ్చగా మెరుస్తోంది అది. తన కింద ఒక మనిషి పోయాడన్న గుర్తు ఎక్కడా లేదు.

“ఏదీ కదల్చలేదు కదమ్మా?”

“లేదు సార్. నాన్నని తీసేశాక కారు ఒక్కటే పైకెత్తారు. జాకీ అదిగో, అక్కడే ఉంది.”

డిటెక్టివ్ ముందు జాకీ దగ్గర కూర్చున్నాడు. చక్రాల మీద నడిచే జాకీ. దాని పిడి మనిషి నడుమంత పొడుగు. కిందికీ పైకీ ఊపితే కారు లేస్తుంది. పిడిని ఎడమకు తిప్పితే దిగుతుంది. నేల మీద గీత ఏమైనా ఉందేమోనని టార్చి వేసి చూశాడు. నేల నున్నటి సిమెంటు. పదేళ్ళ జిడ్డు దాని మీద పొరలా పట్టి ఉంది. జాకీ జారి ఉంటే ఆ జిడ్డును చీల్చుకుంటూ చారలు పడాలి. ఒక్కటి కూడా లేదు. పిడి చివర పట్టుకుని కుడికి తిప్పాడు. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టూ తిరిగి అప్పుడు బిగిసింది.

“జాకీ జారలేదమ్మా,” అన్నాడు. “రెండు చుట్లు తిప్పి దింపేశారు. కింద పడుకున్న మనిషి చేయి ఇక్కడిదాకా అందదు.”

ఆమె స్టూలు అంచును బిగించి పట్టుకుంది.

“నాన్నగారు కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్ముకునేవారా?”

“చస్తే నమ్మడు. ఆ చెక్క దిమ్మలు రెండూ పెట్టందే తల కూడా లోపల పెట్టడు.” మూలకు చూపించింది. దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

“కళ్ళజోడు?”

“అదే సార్ నేను పోలీసులకీ చెప్పింది. ఎవరూ వినలేదు.” లేచి వెళ్ళి పనిబల్ల మీది పెట్టె తెరిచింది. మందపాటి అద్దాల జోడు మడత పెట్టి లోపలే ఉంది. “కంటి ఆపరేషన్ అయ్యాక ఇది లేకుండా నాన్నకి నట్టుకీ బోల్టుకీ తేడా తెలిసేది కాదు. జోడు పెట్టెలో పెట్టి కారు కింద పని చేస్తాడా?”

“చేతులెలా ఉన్నాయి? నువ్వు చూశావుగా.”

“శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో తప్ప మసి లేదు.” చెప్పాక ఆ మాటకు అర్థం ఆమెకే తట్టింది. “పని అయిపోయింది. దిమ్మలు తీసేశాడు. చేతులు కడుక్కున్నాడు. జోడు తీసేశాడు. కారు దింపడమే మిగిలింది.”

“అవునమ్మా. కొట్టి పడేసి, కిందికి తోసి, అప్పుడు జాకీ దింపారు.”

ఆదివారం తండ్రితో ఎప్పుడు మాట్లాడావని అడిగాడు. ఐదూ నలభైకి అంది. “‘ఒకరు వచ్చారమ్మా, మళ్ళీ చేస్తాను’ అన్నాడు. ‘వచ్చారు’ అన్నాడంటే గౌరవం ఇవ్వాల్సిన మనిషే అయ్యుండాలి. మామూలోళ్ళయితే ‘వచ్చాడు’ అనేసేవాడు. ఆరూ ఇరవైకి మళ్ళీ చేశాను. ఎత్తలేదు.” ఆరు నుంచి ఏడు మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. ఆ సమయానికి జోస్యుడు పంతొమ్మిది మంది మధ్య కూర్చుని ఉన్నాడు. పుస్తకంలో ఆ అంకెలు ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు డిటెక్టివ్.

తర్వాత చొక్కా చేతులు మడిచాడు. మూలన ఉన్న గోనెసంచి మీద చూపు పడింది. తీసుకోలేదు. ఉత్త నేల మీదే వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, కారు కిందికి జరిగాడు. జిడ్డు చల్లగా వీపుకు తగిలింది.

నంబరు కుడి పక్క ముందు చక్రం వెనక ఇనుప దూలం మీద ఉంటుంది. దాని చుట్టూ బూడిదరంగు పెయింటును ఎవరో ఈ మధ్యే గీకారు. గీకిన పొట్టు ఇంకా నేల మీదే రాలి ఉంది. గీకిన చోట అరచేయంత చదరం, నాలుగు పక్కలా సన్నటి వెల్డింగు గీత. ఆకురాయితో అరగదీసి నున్నగా చేశారు గానీ వేలితో రాస్తే తెలుస్తోంది. ఎక్కడో ముక్కలైపోయిన కారు నుంచి నంబరున్న ఇనుప ముక్కను కోసి తెచ్చి ఇక్కడ అతికించారు. వెల్డింగు సందులో తుప్పు కూడా పాతదే, దూలం మీద ఉన్న తుప్పు వయసుదే.

అతను అక్కడే, ఇనుము మొహానికి బెత్తెడు దూరంలో, కదలకుండా ఉండిపోయాడు. ఈ బూడిదరంగు పెయింటు లారీ ప్రమాదం తర్వాత రిపేరులో వేసింది. అతను సర్వేకు వచ్చిన రోజున దాని మీద ఏ పూతా లేదు. గీకనక్కర్లేదు, టార్చి కూడా అక్కర్లేదు. గోనెసంచి మీద పడుకుని తలెత్తితే చాలు, వెల్డింగు కళ్ళలో పొడిచేట్టు కనపడి ఉండేది. ఒక ప్యాంటు కోసం తలెత్తలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చూసేవాళ్ళు ఎవరూ లేని ఆ చోట కూడా కళ్ళు మూసుకున్నాడు.

“అన్నా, ఈ వయసులో మీకెందుకు ఈ అవస్థ?”

నేల మీది నుంచి అతనికి ముందు మెరుస్తున్న బూట్లు కనిపించాయి. గొంతు ఎవరిదో చూడక్కర్లేదు. ఒకప్పటి తన జూనియరే. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలో దర్యాప్తు ఆఫీసరు. ఈ కారు పాలసీ అతని చేతిలో ఉంది, ప్రమాదం రిపోర్టూ అతనే రాస్తున్నాడు.

డిటెక్టివ్ బయటికి జరిగి లేచాడు. వీపంతా నల్లగా అయింది.

“ఒకటీ ఇరవై ఐదు,” అన్నాడు ఆఫీసరు గడియారం చూసుకుంటూ. “రెండింటికల్లా నాకు ఈ షెడ్డు సీలు చెయ్యమని ఆర్డరు. మీరు లోపలికి ఎవర్నడిగి వచ్చారన్నా?”

“తాళం నాది. నేనే రమ్మన్నాను,” అంది పెద్దమేస్త్రి కూతురు.

“నీకు బాధగా ఉంటుందమ్మా, నాకు తెలుసు. కానీ ముసలాయన, చూపు లేదు, జాకీ జారింది. రేపు పదింటికి రిపోర్టు మీద సంతకం పెడుతున్నాను. నీకు రావలసింది కంపెనీ ఇస్తుంది.”

“జాకీ జారిన చార ఏదీ?” అన్నాడు డిటెక్టివ్.

“తుడుచుకుపోయి ఉంటుంది.”

“పిడి రెండు చుట్లు వదులై ఉంది.”

“కారు పైకెత్తేటప్పుడు పోలీసులు తిప్పుంటారు.”

“వాళ్ళు వేరే జాకీ వాడారు. ఇది అప్పటికి కారు కిందే ఇరుక్కుని ఉంది. ఫోటోలున్నాయి కదా, చూసుకో. నువ్వు ఇక్కడికి ముందు ఎప్పుడొచ్చావు?”

“సోమవారం పొద్దున ఎనిమిదింటికి. కబురు తెలిశాక. దానికి ముందు ఆరేళ్ళలో ఈ గడప తొక్కలేదు. రాసుకోండి మీ పుస్తకంలో.”

డిటెక్టివ్ రాసుకున్నాడు. “చాసిస్ నంబరు అతుకు ముక్క. ఆ రోజు నువ్వు దూరి చూశావు. బాగానే ఉందన్నావు.”

ఆఫీసరు మెల్లగా నవ్వాడు. గట్టిగా మాట్లాడే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు.

“నేనన్నానా? ఏ కాగితం మీద? రిపోర్టులో నా పేరు ఎక్కడుందో చూపించండి. ‘స్వయంగా చూశాను’ అని రాసిందెవరు?” పెద్దమేస్త్రి కూతురి వైపు తిరిగాడు. “నీకు చెప్పలేదామ్మా మీ డిటెక్టివ్ గారు? ఈ కారు అసలుదని సర్టిఫికెట్ ఇచ్చింది ఈయనే. ఇది దొంగ కారని తేలితే ముందు జైలుకెళ్ళేది కూడా ఈయనే. అలాంటి మనిషి నీకేం న్యాయం చేస్తాడు?”

డిటెక్టివ్ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

“మీ మంచికే చెబుతున్నాను అన్నా,” అన్నాడు ఆఫీసరు, ఈసారి నిజంగా ఆప్యాయంగా. “వదిన చేతి వంట తిన్నవాణ్ణి. ఇది ప్రమాదం. ప్రమాదంగానే ఉండనివ్వండి. మీ పరువు, ఆ ఇరవై మంది డబ్బు, అన్నీ నిలబడతాయి. సీలు వేయడానికి మా మనుషుల్ని పంపుతాను. అప్పటిలోగా ఖాళీ చెయ్యండి.”

బూట్ల చప్పుడు దూరమైంది. బయట అతని కారు స్టార్టయి వెళ్ళిపోయింది. ఒకటీ నలభై.

*

పెద్దమేస్త్రి కూతురే ముందు అడిగింది. “నిజమేనా సార్?”

“నిజమేనమ్మా. చూడకుండా చూశానని రాశాను. మీ నాన్న రెండుసార్లు అడిగాడు, కిందికి దూరి చూడమని. బట్టలు పాడవుతాయని చూడలేదు.” ఆ మాటను ఆరేళ్ళలో మొదటిసారి పైకి అన్నాడు. తేలికవుతుందనుకున్నాడు, కాలేదు.

“పొద్దున నేను మీ ఆఫీసుకొచ్చినప్పుడు చెప్పుండొచ్చుగా.”

“చెప్పుండాల్సింది.”

“నాన్న ఆరేళ్ళు సరిగ్గా నిద్రపోలేదు సార్. పని పోతుందని భయపడి నోరు మూసుకున్నానే, పెద్దవాడే చూడనప్పుడు నేనెవణ్ణి చెప్పడానికి అని సరిపెట్టుకున్నానే అనేవాడు. ఏం గురించో మాకు తెలిసేది కాదు. పోయిన నెల వాటాదారులొచ్చి కారు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆ రోజు అన్నం ముట్టలేదు.” ఆమె జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. “శనివారం మీకు మూడుసార్లు చేశాడు. మీరు ఎత్తలేదు.”

“చూశాను. ఆయన నంబరేనని తెలిసే ఎత్తలేదు.”

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదనిపించింది అతనికి.

“నాన్న ఫోను పోలీసులకి ఇవ్వకముందు నేను నంబర్లన్నీ దీని మీద రాసి పెట్టుకున్నాను,” అంది. “మీరు ఎత్తకపోయేసరికి రాత్రి ఎనిమిదింటికి ఇంకో నంబరుకు చేశాడు. నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఆ గోడకి గుచ్చిన పాత కార్డు మీదుంది ఆ నంబరు. ఎవరిదో నాకు తెలీదు.”

గోడ మీద, స్పానర్ల వరుస పక్కన, ఒక పాత విజిటింగ్ కార్డు. సర్వేయరుగా ఉన్నప్పటిది. రెండో వరుసలో అతని ఇంటి నంబరు.

ఇంట్లో ఉండేది అతనూ, భార్యా. శనివారం ఎనిమిదింటికి అతను ఇంట్లో లేడు.

ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒకేసారి కూడబలుక్కుని వచ్చాయి. గౌరవం ఇవ్వాల్సిన మనిషి. మీటింగుకు రాని ఒకావిడ. నర్సులు, టీచర్లు. మూడేళ్ళ కిందట నర్సుగా రిటైరైన తన భార్య, వచ్చిన డబ్బు ఏం చేశావని అడిగితే ‘మీకెందుకు, మంచి చోటే పెట్టాను’ అని నవ్వడం.

ఫోను తీశాడు. భార్య ఆరో రింగుకు ఎత్తింది.

“ఆదివారం సాయంత్రం నువ్వు ఎక్కడికెళ్ళావు?”

“మీకు తెలిసిపోయిందా?” అంది ఆమె చాలా సన్నగా.

“వాటా నీకూ ఉందా?”

“మీ సంతకం చూసే కొన్నానండీ. అమ్మాక ఒకేసారి చెబుదామనుకున్నాను.” గొంతు ఇంకా తగ్గింది. సిగ్గుపడుతోంది అనుకున్నాడు. తనకు ఇంతకంటే సిగ్గుగా ఉంది. “శనివారం ఆ పెద్దాయన ఫోను చేశాడు. ఆదివారం ఐదున్నరకి వెళ్ళాను. పెయింటు గీకి, అద్దం పెట్టి చూపించాడు. మీరు ఆ రోజు చూడలేదని చెప్పాడు. నేను నమ్మలేదు. మా ఆయన చూడంది రాయడు అన్నాను. ఆయన ఏమీ అనలేదండీ. చేతులు కడుక్కొచ్చి నాకు మంచినీళ్ళిచ్చాడు.”

“నేను చూడలేదు,” అన్నాడు. “ఆయన చెప్పింది నిజం.”

“తెలుసు. ఇంటికొచ్చేలోపే తెలిసిపోయింది.”

షెడ్డులో గడియారం రెండూ ఐదు చూపిస్తోంది. పెద్దమేస్త్రి కూతురు అతన్నే చూస్తోంది.

“ఎన్నింటికి బయల్దేరావు అక్కణ్ణుంచి?”

“ఆరుకి. గేటు దగ్గర మీ తమ్ముడు ఎదురొచ్చాడు.”

“ఏ తమ్ముడు?”

“మీ జూనియరేనండీ. అమ్మకానికి ముందు కారు చూసుకోవడానికి వచ్చాడట. ‘వదినా, మీరేంటిక్కడ?’ అన్నాడు. చెప్పాను. ‘అన్నకి ఈ సంగతి తెలిస్తే తట్టుకోలేడు. ముసలాయనతో నేను మాట్లాడి సర్దుతాను, మీరు మాత్రం నోరు విప్పకండి’ అన్నాడు. మిమ్మల్ని కాపాడుతున్నాడనుకున్నాను. తెల్లారి ఆ పెద్దాయన పోయాడని విన్నాను. జాకీ జారిందన్నారు. నేను కూడా అదేనని అనుకోవాలనుకున్నానండీ. మీ పేరు బయటికి రాదుకదా అనుకున్నాను. రెండ్రోజులుగా మీ మొహం చూడలేకపోతున్నాను.”

ఆరేళ్ళలో ఈ గడప తొక్కలేదు అన్న మాట పుస్తకంలో ఇంకా సిరా ఆరకుండా ఉంది. నంబరు బాగానే ఉందని ఆ రోజు అబద్ధమాడినవాడు, అది బయటపడితే ఉద్యోగమే పోయేవాడు, ఈ ఆదివారం ఆరింటికి ఈ షెడ్డు గేటు దగ్గర ఉన్నాడు. అతన్ని అక్కడ చూసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది.

“విను. తలుపు గడియ వేసుకో. అతనొస్తే తియ్యకు. నేను ఇరవై నిమిషాల్లో వస్తున్నాను.”

అవతల గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది.

“వింటున్నావా?”

“ఏవండీ,” అంది, పెదవులు ఫోనుకు ఆనించి మాట్లాడుతున్నట్టు. “వచ్చి పది నిమిషాలైంది. మీరే పంపారన్నాడు, ఏదో కాగితం మీద నా సంతకం కావాలన్నాడు. హాల్లో కూర్చున్నాడు. నేను మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వచ్చి మాట్లాడుతున్నాను.”

గొంతు ఎందుకు తగ్గిందో అప్పుడర్థమైంది అతనికి. పెరటి తలుపు గుండా వెళ్ళిపొమ్మని చెప్పబోయాడు. అవతల గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడు, అడుగులు, ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిన గరగర.

“అన్నా,” అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. “తొందరేం లేదు, నింపాదిగా రండి. వచ్చేటప్పుడు ఆ కారు కింద మీకేమీ కనపడలేదని ఒక కాగితం రాసి పట్టుకురండి. ఒక్కరే రండి. అప్పటిదాకా వదినా నేనూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటాం.”

ఫోను కట్టయింది.

“ఏమంటున్నాడు సార్?” అంది పెద్దమేస్త్రి కూతురు.

ఏమీ లేదమ్మా అనడం తేలిక. కాగితం రాసేయడం ఇంకా తేలిక. రెండూ అతని నాలుక చివరిదాకా వచ్చాయి. అలా వచ్చినందుకే అతనికి తన మీద అసహ్యం వేసింది.

“మీ నాన్నని చంపింది వాడే,” అన్నాడు. “వాణ్ణి గేటు దగ్గర చూసింది నా భార్య. వాడిప్పుడు మా ఇంట్లో ఉన్నాడు. మీ నాన్నది ప్రమాదమని నేను రాసిస్తే ఆవిణ్ణి వదిలేస్తాడట.”

ఆమె కారు వైపు ఒకసారి చూసింది. తర్వాత బల్ల మీది కళ్ళజోడు పెట్టె తీసి జేబులో వేసుకుంది.

“రాసిస్తారా?”

“ఇవ్వను.”

“నడవండి మరి,” అంటూ ఆమె బస్సు తాళం చెవులు చేతిలోకి తీసుకుంది. “స్కూలు బస్సు ఏ వీధిలో ఆగినా ఎవరూ అనుమానపడరు.”